నీలం రంగంటిన టెస్టరు

శ్రీకాకుళంలో లక్ష్ముడి ఎలక్ట్రికల్ షాపుకి వెళ్ళి స్క్రూడ్రైవరు కొనుక్కోవాలంటే ఓపికుండాలి. డబ్బిచ్చి సరుకు పట్టుకుపోతామంటే ఆయన ఒప్పుకోడు.

"ఇంట్లోకి ఒకటి చాలండీ. ఏదో ఒకటి ఇచ్చేయండి" అంది సుహాసిని టీచరు.

"ఏదో ఒకటేటమ్మా? ఫ్లాటువి రెండు, స్టారువి రెండు ఉండాల. మొన స్క్రూ గాడిలో నిండుగా కూకోవాల. సిన్నదెట్టి తిప్పితే తల అరిగిపోతాది. తరవాత ఎవుడొచ్చినా ఊడదు."

చెబుతూనే ఒక్కోదాన్నీ వెలుతురుకి పట్టుకుని చూశాడు. మొన కాస్త వంకరగా ఉన్నదాన్ని తీసి పక్కన పడేశాడు. పనయ్యాక తుడిచి మెషినాయిలు చుక్క రాసి పెట్టమన్నాడు. ఈ ఉప్పుగాలికి తుప్పు ఊరికే పట్టేస్తుందన్నాడు. సుత్తి పెట్టి ఉలిలాగా కొట్టొద్దన్నాడు. పిల్లల పెంపకం గురించి కూడా ఎవరూ ఇంత చెప్పరు.

టీచరు నవ్వి, బల్ల మీదున్న టెస్టరు చూపించింది. "ఇదైతే రెండు పనులకీ వస్తుంది కదండీ?"

లక్ష్ముడి మొహం మాడిపోయింది.

"టెస్టరు స్క్రూడ్రైవరు కాదమ్మా. అందరూ సేసీ తప్పే ఇది. దీన్తోటి స్క్రూలు తిప్పి, మూతలు లేపితే పిడి లోపల సరుకు సితికిపోతాది. అప్పుడు కరెంటున్నా దీపం ఎలగదు. ఎలగలేదు గదాని తీగ ముట్టుకుంటే..."

మాట అక్కడే ఆపేసి, నాలుగూ కాగితంలో చుట్టి ఆవిడ చేతిలో పెట్టాడు.

టీచరు దిగి వెళ్ళాక చూస్తే, మెట్టు కింద చెప్పులు విడిచి శివాజీ నిలబడి ఉన్నాడు. లక్ష్ముడి చెల్లెలు భారతి మొగుడు. కళింగపట్నంలో సొంత పడవ మీద వేటకెళ్ళే మనిషి. తుఫాను కబురొచ్చినా బెదరనివాడు, ఈ ఒక్క మెట్టెక్కడానికి మూడేళ్ళుగా బెదురుతున్నాడు.

మూడేళ్ళ కిందట దసరాకి శివాజీ తన పడవకి నీలం రంగు వేశాడు. ఆ పనిలో అవసరమై ఈ షాపునుంచే ఓ స్క్రూడ్రైవరు పట్టుకెళ్ళి, మళ్ళీ తెచ్చి యథాస్థానంలో పెట్టాడు. మర్నాడు లక్ష్ముడి తమ్ముడు రాముడు ఇక్కడున్న టెస్టరు జేబులో వేసుకుని, ఒక పొలంలో మోటారు బాగుచెయ్యడానికి వెళ్ళాడు. టెస్టరు పెట్టి చూశాడు. వెలగలేదు. తీగ పట్టుకున్నాడు.

శవం పక్కన దొరికిన టెస్టరు మొనకి నీలం రంగు అంటుకుని ఉంది.

ఇంకేం కావాలి! "నాను పట్టుకెళ్ళింది స్క్రూడ్రైవరు, టెస్టరు ముట్టుకోలేదు" అని శివాజీ పిల్లల మీద ఒట్టేసినా ఎవరూ నమ్మలేదు. భారతికి పుట్టిల్లు లేకుండా పోయింది. అల్లుడి పేరు వినబడితే చాలు, రాముడి తల్లి మరిడమ్మ కంచం ముందునుంచి లేచిపోయేది. పాతికేళ్ళ కొడుకుని పోగొట్టుకున్న తల్లిని ఎవరు తప్పుపట్టగలరు?

"ఏటొచ్చావు?" అన్నాడు లక్ష్ముడు.

"అమ్మడికి పెళ్ళి కుదిరింది బావా. వచ్చే బుధవారం. పిల్లని బుట్టలో కూకోబెట్టి తెచ్చీ మేనమావ లేపోతే ఎలాగ? దానికున్నది నువ్వొక్కడివే."

"ఇంకొకడు ఉండీవోడు. ఏటయ్యాడు?"

శివాజీ చేతులు జోడించాడు. "మూడ్రోజులబట్టి పిల్ల సరిగ్గా తిండి తినట్లేదు. మావొస్తేనే పీటలెక్కుతానంతంది. నానేటి సేస్తే వస్తావో సెప్పు బావా, అదే సేస్తాను."

"కొత్తగా సెప్పీదేటుంది? మూడేళ్ళబట్టి అడుగుతన్నాను. సేసింది ఒప్పుకో."

మూడేళ్ళు నిలబెట్టుకొచ్చిన మాటని వదులుకోవడం అంత తేలికేం కాదు. చివరికి శివాజీ మెట్టెక్కి వచ్చి, లక్ష్ముడి కాళ్ళ మీద పడ్డాడు.

"నానే బావా. రంగుడబ్బా మూత టెస్టరెట్టి లేపినాను. రాముణ్ణి నానే సంపుకున్నాను."

షాపు వెనకే ఇల్లు. తలుపు చాటునుంచి మరిడమ్మ అంతా విన్నది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, "పోనీరా లక్ష్మా. కడుపులో మాట కక్కీసినాడు గదా. నా కూతుర్ని సూసి మూడేళ్ళయింది. ఎల్దాం" అంది.

లక్ష్ముడు వంగి బావని లేవదీశాడు.

"లే. ఒప్పుకున్నావు, సాలు. పెళ్ళికొస్తాను. అమ్మనీ తెస్తాను."

శివాజీ కళ్ళు తుడుచుకుని, చెప్పులు తొడుక్కుని, బస్సు కోసం నడిచాడు. ఊళ్ళో ఇక అందరూ అతణ్ణి రాముణ్ణి చంపినవాడనే అంటారు. అన్నా పరవాలేదు, కూతురు పీటలెక్కుతుంది.

ఆ రంగుడబ్బాని శ్రీకాకుళంలో కొని కళింగపట్నం పంపేముందు, శివాజీ అడిగిన నీలమో కాదో చూద్దామని ఆ టెస్టరు పెట్టి మూత లేపింది తనేనని లక్ష్ముడు ఈ రోజు కూడా చెప్పలేదు.