గుహలో గుండె చప్పుడు

"గోతి అత్తయ్య మళ్లీ రాసింది," అంది ఆటను ఆడి తప్పులు పట్టే అమ్మాయి, తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

ప్రోగ్రామరు కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకున్నాడు. "ఏమంటుంది?"

"పాత పాటే. గుహలో ఏ సూచనా రావడం లేదట. తిన్నగా వెళ్లి గోతిలో పడుతోందట."

టీవీకి పెట్టె తగిలించుకుని ఆడే వీడియోగేమ్ ఒకదాన్ని ఇళ్లలోని కంప్యూటర్లకు మార్చడం అతని పని. అంతా బాగానే మారింది, ఒక్క గుహ తప్ప. అందులో చిమ్మచీకటి. దారిలో గొయ్యి. పాత పెట్టెలో అయితే గొయ్యి దగ్గరపడగానే చేతిలోని కంట్రోలరు సన్నగా వణికేది. ఆ వణుకును బట్టి పక్కకు తప్పుకోవాలి. కంప్యూటరు కీబోర్డు ఎంత బతిమాలినా వణకదు. అందుకని అతను బుర్ర బద్దలు కొట్టుకుని, వణుకుకు బదులు గుండె చప్పుడు పెట్టాడు. గొయ్యి దగ్గరయ్యే కొద్దీ అది గట్టిగా కొట్టుకుంటుంది. ఆడి చూడమని ఎవరెవరి ఇళ్లకు పంపారో వాళ్లంతా గుహ దాటేశారు. ఈవిడొక్కతే దాటలేదు, అందుకే ఆఫీసులో గోతి అత్తయ్య అని పేరు పెట్టారు.

"మొన్ననే పెంచాను కదమ్మా."

"పెంచారు. అంతకుముందూ పెంచారు. ఇప్పుడు నేను గుహలోకి వెళ్తే పక్క గదివాళ్లు కొట్టడానికి వస్తున్నారు."

"మరి ఈవిడకేం మాయరోగం?"

"చదవనా? 'బాబూ, సూచన పెంచానన్నావు. కీల మీద రెండు చేతులూ పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. ఏమీ తెలియలేదు. నీకు శ్రమ ఇస్తున్నాను, ఏమీ అనుకోకు.' మర్యాదకేం లోటు లేదు సార్."

"గుండె కొట్టించడం భగవంతుడి పని. అది తెచ్చి నా మెడకు తగిలించారు," అన్నాడతను. నవ్వుదామనుకున్నాడు కానీ ఓపిక లేకపోయింది.

అంతలో మేనేజరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన మొహమూ వాడిపోయే ఉంది. "ఆ ఫిర్యాదు ఇవాళ తేలకపోతే ఆటను వేరేవాళ్లకు అప్పగిస్తారట. పైనుంచి చెప్పారు."

"ఇంత చేశాక వేరేవాళ్లకా?"

"నన్నడిగితే నేనేం చెప్పను? ఆవిడ ఇంటికి వెళ్లి చూసి రా."

బస్సులో నిలబడే వెళ్లాడు. చేసిన పనిలో తప్పుంటే దిద్దుకోవచ్చు, తప్పే కనబడకపోతే మనిషి దేన్ని దిద్దుకోవాలి అనుకున్నాడు.

గేటు దగ్గరే వినబడింది దబ్ దబ్ మంటూ. తను పెట్టిన గుండె చప్పుడే. కంప్యూటరులో లోపం లేదన్నమాట. ముందు ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. వీధిలోకి వినబడుతుంటే సూచన రాలేదని రాస్తుందా?

బెల్ కొట్టాడు. ఎవరూ రాలేదు. తలుపు ఓరగా వేసి ఉంటే తోసుకుని లోపలికి వెళ్లాడు. ముందు గదిలో నెరిసిన జుట్టు ముడి వేసుకున్న ఒకావిడ అటు తిరిగి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది.

"అమ్మా, ఈ ఆట మార్చింది నేనేనండి."

ఆవిడ తిరగలేదు. కోపంగా ఉందేమో అనుకున్నాడు. తెర మీద ఒక పిల్ల చీకట్లో అడుగులో అడుగు వేస్తోంది. గుండె చప్పుడు గదంతా నిండిపోయింది. ఆవిడ వేళ్లు కీల మీద మెత్తగా ఆన్చి, దేనికోసమో ఊపిరి బిగబట్టి చూస్తోంది. పిల్ల దబ్బున గోతిలో పడింది. ఆవిడ నిట్టూర్చి, మళ్లీ మొదటినుంచి బయల్దేరింది.

ఇన్నాళ్ల అలసటా అతని గొంతులోకి వచ్చేసింది. "ఇంత మోత మోగుతుంటే ఏమీ తెలియడం లేదని ఎలా రాస్తారండీ?"

లోపలి గదిలోంచి ఆవిడ భర్త, చెవుల్లోని దూది తీసుకుంటూ వచ్చాడు. కొత్త మనిషిని, తెరను మార్చి మార్చి చూశాడు.

"ఆట పంపింది నువ్వేనా, బాబూ? ఈ మోతకు నా తల పగిలిపోతోంది. మా ఆవిడకు పుట్టుచెవుడు. ఆ పాత పెట్టె అయితే చేతికి చెప్పేది."