కొత్త చెక్క

"ఆ సేత్తోనా!"

శంకరరావు అరుపుకి హారతి పళ్లెం పట్టుకున్న అతని కూతురు భవిత ఉలిక్కిపడింది.

బిలాస్‌పూర్ దగ్గర, బోద్రీ అవతలి షూటింగ్ క్లబ్బులో ఆయుధపూజ అప్పుడే అయింది. రైఫిలుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, అందరికీ దొన్నెల్లో పులిహోర పంచుతున్నాడు శంకరరావు. ముక్కూమొహం తెలియని ఓ పెద్దమనిషి గేటు దాటి వచ్చి, ప్రసాదానికి ఎడంచెయ్యి చాపాడు. కుడిచెయ్యి ప్యాంటు జేబులోనే ఉంది.

"క్షమించండి, ప్రసాదం వద్దులెండి. ఆ గుళ్లు ఓసారి చూడనిస్తారా?" అన్నాడాయన.

రైఫిలు పక్కన ఇంకో పళ్లెంలో శంకరరావు స్వయంగా సీసం కరిగించి పోసిన గుళ్లున్నాయి. కొన్నిటి మొన చదునుగా, మొద్దుగా ఉంది. కొన్నిటిది సూదిగా ఉంది. ఆ సూదిమొన వాటితోనే పొద్దున తూటాలు నింపాడు.

"ఇవి ఈ రైఫిల్లో పెట్టకండి," అన్నాడు ఆ మనిషి. "దీంట్లో తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనకదాని మొన ముందుదాని అడుగున, సరిగ్గా మందు అంటుకునే చోట ఆనుకుంటుంది. మొదటిది పేలిన కుదుపుకి..."

"నాకు సెప్పడానికి నువ్వేటి? ముప్పయ్యేళ్లు ఇంజను తోలినోణ్ని! మొన ఉంటేనే గుండు సూటిగా ఎల్తాది."

"నాన్నా, సున్ తో లో. ఆయన ఏదో చెబుతున్నారు కదా," అంది భవిత.

"నువ్వూరుకో!"

భవితది ఎడంచేతి వాటం. అన్నం దగ్గరా, పలక దగ్గరా శంకరరావు ఆ వాటాన్ని కొట్టి మాన్పించాడు. తుపాకీ దగ్గర మాత్రం మానలేదు. ఆ వాటానికి, కింద లీవరు లాగి తూటా ఎక్కించే రైఫిలే సుఖమని ఎవరో చెబితే, ఈ పాతదాన్ని డీలరు దగ్గర వెతికి కొన్నాడు. గొట్టం కింద చెయ్యి ఆనించే చెక్క ఒక్కటీ కొత్తది. ముందటి ఓనరు ఎంత శ్రద్ధగా చూసుకున్నాడో అని మురిసిపోయాడు.

పైగా పిల్ల అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష పాసైంది. వచ్చే వారమే మెడికల్. తాత బొగ్గింజను, తండ్రి డీజిలు, ఇప్పుడు కూతురు కరెంటింజను. శంకరరావు కాళ్లు నేలమీద లేవు.

"ఇవాళ్టికి మాత్రం అమ్మాయిని కాల్చనివ్వకండి. రేపు మీతో విడిగా మాట్లాడతాను," అన్నాడు ఆ మనిషి.

"అచ్ఛా! ముందా జేబులోంచి సెయ్యి తియ్యి. అమ్మోరి ప్రసాదానికి ఎడంసెయ్యి సాపినోడు నాకు సుద్దులు సెప్పడమేటి!"

జేబు కదిలింది. ఆయన భవిత వంక చూశాడు. చెయ్యి బయటికి రాలేదు.

ఆయన కోసం తీసిన దొన్నెని శంకరరావు కుక్క ముందు పారేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కాలరు పట్టుకుని ఆయన్ని గేటు బయటికి నెట్టాడు. ఆయన మాత్రం పోకుండా రోడ్డు మీదే నిలబడ్డాడు.

భవిత రైఫిలు ఎత్తింది. ఎడంచెయ్యి ట్రిగ్గరు మీద, కుడిచెయ్యి ఆ కొత్త చెక్క కింద.

మొదటి గుండు గురి అట్ట మధ్యలో తగిలింది. దాని వెంటే రెండో పేలుడు, ఆమె కుడిచేతిలో.

అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది ఆ మనిషే. రుమాలు కొస పళ్లతో పట్టుకుని, ఎడంచేత్తోనే ఆమె మణికట్టుకి కట్టు బిగించాడు.

"పిల్ల సచ్చిపోతన్నా జేబులోంచి సెయ్యి తియ్యవేటిరా!" అని శంకరరావు ఆయన్ని తోసేశాడు.

ఆస్పత్రిలో భవిత ప్రాణం నిలబెట్టారు, బొటనవేలు నిలబెట్టారు. మిగతా నాలుగు వేళ్లూ పోయాయి. వచ్చే వారం మెడికల్‌కి ఇక వెళ్లే పనిలేదు.

మర్నాడు పక్క క్వార్టరావిడ ఆస్పత్రికి దసరా ప్రసాదం తెచ్చి శంకరరావు చేతికిచ్చింది. భవిత తండ్రి మొహం చూసి, భయంభయంగా ఎడంచెయ్యి చాపింది.

శంకరరావు ఆ చేతిలో ప్రసాదం పెట్టి బావురుమన్నాడు.

ఆ సాయంత్రం రైఫిలు అమ్మిన డీలరు రమణమూర్తి ఫోన్ చేశాడు.

"మీరు సూదిమొన అచ్చు కూడా కొన్నారని ముందటి ఓనరుకి మాటల్లో చెప్పానండి. వింటూనే బిలాస్‌పూర్ రైలెక్కేశాడు. జానకిరామ్ గారని, ఆయనదీ మీ అమ్మాయిలాగే ఎడంచేతి వాటం. రాలేదా?"

"వొచ్చినాడు," అన్నాడు శంకరరావు. "జేబులోంచి సెయ్యే తియ్యనేదు."



"ఆ చెక్క కొత్తది ఎందుకు వేయించాడనుకున్నారండీ? పాతది ఆయన కుడిచేతి వేళ్లతోపాటే పోయింది."