తలుపు తట్టి వెళ్లిపోయేవాళ్లు

“మేడమ్, మీ సర్వరుకు మా మీద ఏమైనా కక్షా?”

అవతలి కంపెనీలో మెయిళ్ల వ్యవహారం చూసే ఆయన గొంతు ఫోనులో వెటకారంగా వినిపించింది. “రోజుకు మూడొందలసార్లు వచ్చి మా సర్వరు తలుపు తడుతోంది. ‘ఫలానా ఆయన మీ దగ్గర ఉన్నారా’ అంటుంది. ఉన్నారనగానే మారు మాట లేకుండా వెళ్లిపోతుంది. ఒక్క ఉత్తరం ఇచ్చిన పాపాన పోలేదు!”

మెయిలమ్మకు నవ్వొచ్చింది. ఆ మందుల కంపెనీలో మెయిల్ సర్వరు బాధ్యత పదేళ్లుగా ఆమెదే. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనబడదు. ఇంట్లో మొగుడు కూడా మెయిలమ్మా అనే పిలుస్తాడు.

“ఇవ్వడానికి కాదండీ, అడగడానికే వస్తుంది. మీవాళ్ల పేర్లు పెట్టుకుని ఎవరెవరో మాకు చెత్త పంపుతున్నారు. పంపినాయన నిజంగా మీ దగ్గర ఉన్నాడని తేలాకే ఉత్తరాన్ని లోపలికి రానిస్తున్నాం.”

“తేల్చుకోండి, వద్దన్నామా? ఒకసారి చెప్పింది గుర్తుపెట్టుకోవచ్చు కదా! మా ఇంటావిడ కూడా ఇన్నిసార్లు అడగదు.”

ఆ మాటలో న్యాయముంది. ఒకసారి వచ్చిన జవాబును వారం రోజులు గుర్తుంచుకునేలా సర్వరును సరిచేసి, ఆమె ఇల్లు చేరింది.

ఇంట్లో ఇంకో తగువు కాచుకుని ఉంది.

భర్త మెట్ల మీద జారిపడి, కాలికి కట్టుతో పదిరోజులుగా ఇంట్లోనే ఉంటున్నాడు. మంచం దిగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈయనేమో హాల్లో ఫోను పక్కన కుర్చీ వేయించుకుని, చేతిలో నోటు పుస్తకంతో కూర్చున్నాడు.

“సోమవారం మూడూ పది. మంగళవారం మూడూ పది. ఇవాళా అంతే. నేను హలో అనగానే టక్కున పెట్టేస్తున్నాడు. అర్థమైందా?”

“ఏమర్థమవ్వాలి?”

“మనమ్మాయి ఈతకు మూడింటికి బయలుదేరుతుంది. బయలుదేరిందో లేదో కనుక్కుంటున్నాడు వెధవ! కొలను దగ్గర కాపు కాయాలి కదా మరి!”

“నాన్నా, నాకు సెల్లుంది. చేసేవాడు దానికే చేస్తాడు కదా,” అంది కూతురు.

“నీ సెల్లు నేను తీసి చూస్తానని నీకు తెలుసు కదా! వాడెవడో తేలేదాకా ఈతా లేదు, పోటీ లేదు.”

అమ్మాయి మొహం వాడిపోయింది. శనివారమే పోటీ. నాలుగేళ్లుగా ఆ పిల్ల మధ్యాహ్నం కునుకన్నది ఎరగకుండా నీళ్లలో నానింది ఈత జట్టులో చోటు కోసమే.

“పాపం, పసిదాన్ని ఏడిపించకురా. దాన్ని ఈతకు పోనివ్వు. నువ్వు మంచం ఎక్కు, కాలు వాస్తుంది,” అంది అత్తగారు టీ కప్పులు తుడుస్తూ. “రాంగు నంబరై ఉంటుంది.”

“రోజూ ఒకే టైముకా అమ్మా?”

“పద్ధతి గల మనిషేమో.”

“నంబరే మార్పించేస్తాను. పీడా పోతుంది.”

“నంబరు జోలికి పోకు,” అత్తగారు చప్పున అంది. “పాతికేళ్ల నంబరు.”

మెయిలమ్మ కూతురి కళ్లలోకి చూసింది. నిండి ఉన్నాయి. ఎవడో ఉండే ఉంటాడు. ఆ వయసులో తనకు మాత్రం ఫోన్లు రాలేదా? దానికోసం నాలుగేళ్ల కష్టం నీళ్లలో కలిసిపోవాలా?

“ఆ ఫోన్లు చేస్తున్నది నేనే,” అంది.

భర్త పుస్తకంలోంచి తలెత్తాడు.

“నువ్వా? ఎందుకు?”

“మా సర్వరు చేసే పనే. మనిషి ఎక్కడున్నాడో కనుక్కుని పెట్టేయడం. అత్తయ్య ఎత్తితే మీరు మంచం మీద ఉన్నట్టు. మీరు ఎత్తితే ఒంటికాలితో హాల్లో షికారు చేస్తున్నట్టు. ఈ మూడు రోజుల్లో ఒక్కరోజైనా అత్తయ్య ఎత్తారేమో ఆ పుస్తకంలో చూడండి.”

భర్త పుస్తకం చటుక్కున మూశాడు. తన మీద సాక్ష్యం తన చేత్తోనే రాసుకున్నాడు మరి.

“కట్టుకున్న మొగుణ్ణి మెయిలును తనిఖీ చేసినట్టు చేస్తావా, మెయిలమ్మా?”

“చెత్త కాదని తేలింది, సంతోషించండి.”

కూతురు ఫక్కున నవ్వింది. భర్త కుంటుకుంటూ మంచం వైపు నడిచాడు. అత్తగారు మాత్రం నవ్వలేదు. కోడలి వంక అదోలా చూసి, “ఎంత తెలివే నీకు!” అంది.

తర్వాత వంటింట్లో కూతురు ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. “థాంక్సమ్మా. కానీ నిజంగా ఆ ఫోను నాకోసం కాదు.”

“సరేలే. పోటీ సంగతి చూడు,” అని మెయిలమ్మ నమ్మినట్టే తలూపింది.

శుక్రవారం కట్టు విప్పారు. శనివారం తెల్లారగానే తండ్రీ కూతుళ్లు పోటీ జరిగే ఊరికి బస్సెక్కారు. ఆఫీసుకు వెళ్లిన మెయిలమ్మ తలనొప్పి మొదలవడంతో అరపూట సెలవు పెట్టి రెండున్నరకల్లా ఇంటికి వచ్చింది.

“ఇంత పెందలాడే వచ్చేశావేమే?” తలుపు తీసిన అత్తగారు కంగారుపడింది. ఇస్త్రీ చీరలో, నున్నగా దువ్విన తలతో ఉందావిడ.

“తల పగిలిపోతోంది అత్తయ్యా. కాసేపు పడుకుంటాను.”

“పడుకో, పడుకో. తలుపు దగ్గరికి వేసుకో.”

అప్పుడే కన్ను మూతపడుతోంది. ఫోను మోగింది. గోడ గడియారంలో మూడూ పది.

మెయిలమ్మ దుప్పటి తోసేసింది. పిల్ల ఊళ్లో లేదని కూడా తెలియదే వెర్రివాడికి! తాను గదిలో ఉండగా వాడు ఫోను చేశాడని అత్తగారికి తెలిస్తే, ఆడిన అబద్ధం సాయంత్రానికల్లా భర్త చెవిన పడుతుంది. మళ్లీ ఈత బంద్. ఒక్క ఉదుటున లేచి గుమ్మం దాకా వచ్చేసరికి అత్తగారు అప్పటికే రిసీవరు ఎత్తేసింది.

ఈసారి అవతల ఎవరూ పెట్టేయలేదు. ఆవిడ రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టి, గొంతు బాగా తగ్గించింది.

“ఇవాళ రాకండి, కోడలు ఇంట్లో ఉంది.”