తెప్ప మీద గాలి గిన్నెలు

“విప్పెయ్.”

“మీరే బిగించుకోమన్నారు కదమ్మా!”

“అప్పుడన్నాను. ఇప్పుడు విప్పెయ్యమంటున్నాను.”

రేవులో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ వదినే. నీళ్లలో ఆరు వల పంజరాలు ఆవిడవి. ఎనిమిది నెలలుగా కళ్లలో వత్తులు వేసుకుని పెంచిన చేపలు, ఇంకో మూడు వారాల్లో అమ్మకానికి వెళ్లాలి. అవి దక్కితేనే వదిన రేవులో నిలుస్తుంది.

ఎదురుగా నిలబడ్డ పెద్దాయన రెండు నెలల కిందట ఎక్కణ్ణించో వచ్చాడు. పంజరాల మధ్య తెప్ప మీద ఒక గొట్టం నిలబెట్టి, కొసన మూడు గిన్నెలు బిగించాడు. గాలికి అవి తిరుగుతాయి. పొద్దునా సాయంత్రం వచ్చి, ఎంత వేగంగా తిరిగాయో రాసుకుని పోతాడు. రేవు ఊరుకుంటుందా? గిన్నెలాయన అని పేరు పెట్టేసింది.

అంతా బాగానే ఉండేది, నిన్న మరిది వచ్చి చెవిలో వెయ్యకపోతే.

“వదినా, గిన్నెలాయన అవతలి గట్టు పంజరాల ఆసామితో టీ తాగుతున్నాడు. నా కళ్లతో చూశాను. మన చేప ఎంత పెరిగిందో అక్కడికి చేరవేస్తున్నాడు.”

ఆ ఆసామి కన్ను ఎప్పటినుంచో వదిన చోటు మీదే ఉంది. అందుకే ఇవాళ తెప్ప మీద ఈ పంచాయితీ.

“అక్కడా గిన్నెలు పెడతానని అడగడానికి వెళ్లానమ్మా. కుదరదన్నాడు.”

“అసలు గాలితో నీకేం పని?”

“గాలి ఒడ్డు వెంబడి గట్టిగా వీస్తే పైనీళ్లు సముద్రంలోకి తోసుకుపోతాయి. ఆ చోటులోకి అడుగునీళ్లు లేస్తాయి. వాటిలో చేపకు ఊపిరాడదు. బయటి చేప తప్పించుకుపోతుంది. పంజరంలోది ఎటు పోతుందమ్మా?”

“నాకే చెప్తున్నావా? సముద్రం ఆఫీసు బులెటిన్ ఉంది దానికి. రెండు రోజుల ముందే ఫోనుకు వస్తుంది. ఈమధ్య రెండుసార్లు రాగానే పంజరాలు ఏరు సముద్రంలో కలిసే మొగలోకి లాక్కెళ్లాం. ఒక్క చేప పోలేదు.”

“ఈ గిన్నెల లెక్క ఆ ఆఫీసుకేనమ్మా నేను పంపేది.”

వదిన అక్కడికక్కడే ఆఫీసుకు ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పట్టుకుంది.

“మాకు గాలి కొలిచే సొంత స్తంభం ఉందమ్మా,” అన్నాడు పెద్ద అధికారి. “గిన్నెలాయనలూ చెంబులాయనలూ మాకెవరూ లేరు.”

మరిది పకపకా నవ్వాడు.

“లేరన్నాడా?” అన్నాడు పెద్దాయన, ఫోన్ వైపే చూస్తూ.

“నమ్మి తెప్ప ఎక్కనిస్తే నా కొంపకే ఎసరు పెడతావా?”

“నన్ను పొమ్మంటే పోతాను. గిన్నెలు మాత్రం ఉంచండమ్మా.”

వదిన పానా అందుకుని తనే విప్పింది. ఆయన గిన్నెలు ఒళ్లో పెట్టుకుని పడవలో కూర్చున్నాడు. మర్నాటికి రేవులో లేడు.

పన్నెండో రోజున గాలి లేచింది. వదిన చీర కొంగు నిలవడం లేదు. కాళ్లకు తగిలే నీళ్లు చల్లబడ్డాయి. మరిది అనుమానంగా చూశాడు. వదిన ఫోన్ తీసి బులెటిన్ చూసింది.

‘తీరం వెంబడి గాలి నెమ్మది. పంజరాలకు భయం లేదు.’

ఒంటికి తగిలే గాలిని వదిలి, వదిన ఫోన్‌నే నమ్మింది. సాయంత్రానికి చేపలు నోళ్లు తెరుచుకుని పైకొచ్చాయి. మర్నాడు ఆరు పంజరాల్లోనూ ఒక్కటీ కదల్లేదు.

తాడోపేడో తేల్చుకుందామని వదిన ఆఫీసుకు వెళ్లింది. పెద్ద అధికారి మీటింగులో ఉన్నాడట. ఇలాంటప్పుడు వాళ్లు మీటింగుల్లోనే ఉంటారు. బులెటిన్ తయారుచేసే అమ్మాయి దొరికింది.

“నమ్మించి గొంతు కోశారు కదే!”

ఆ అమ్మాయి వదినను కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవరణలో గాలి స్తంభం. దాన్ని ఆనుకుని మూడంతస్తుల అతిథి గృహం.

“ఐదేళ్ల కిందట కట్టారు. ఆ గోడ చాటున స్తంభానికి ఎప్పుడూ గాలి నెమ్మదేనండీ. ఉపగ్రహానికి నడిసముద్రం గాలి తెలుస్తుంది గానీ ఒడ్డు పక్కది సరిగ్గా తెలీదు. మేం ఏ గాలి ఇస్తే కంప్యూటర్ ఆ సముద్రమే చూపిస్తుంది.”

“మరి ఈమధ్య ఆ రెండుసార్లూ సరిగ్గా ఎలా చెప్పారు?”

“మీ తెప్ప మీది గాలి ఇచ్చాం కాబట్టి.”



“అలాంటివాడెవరూ లేరన్నాడే మీ సారు!”

“బయటి లెక్క వాడుతున్నామంటే, ఆ గోడ ఎందుకు కట్టారని పైవాళ్లు అడుగుతారు. అందుకని.”

“ఆ లెక్క ఆగిపోయిందని నాకు ఒక్క ముక్క చెప్పలేకపోయావా?”

“చెప్పొద్దన్నారు,” అంది ఆ అమ్మాయి తల దించుకుని.

పన్నెండు రోజుల పాటు తను ఎవర్ని తిట్టుకుందో వదినకు గుర్తొచ్చింది. మరిదిని అనలేదు. పానా పట్టింది తన చెయ్యే.

“ఫిర్యాదు రాస్తాను. పుస్తకం ఇవ్వు.”

పుస్తకం వచ్చింది. ఇన్నేళ్లలో అందులో రాసింది ఒక్కటే పేజీ. ఎక్కడో పైరేవు. తొమ్మిది పంజరాలు. బులెటిన్‌లో గాలి నెమ్మది అన్నారు, చేపలన్నీ పోయాయి, నాలాగా ఇంకొకరు పోకుండా చూడండి అని ఉంది. కింద జవాబు రాయాల్సిన గడి ఖాళీ.

“నాలుగేళ్లవుతోంది,” అంది ఆ అమ్మాయి. “ఆ జవాబు కోసం తిరిగి తిరిగి, ఇక రాదని తెలిశాక, గాలి కొలవడం తనే నేర్చుకుని మీ తెప్ప ఎక్కాడండీ ఆయన.”