పిన్ని నోట్లో పాదరసం

నా కుర్చీలో కూర్చుని నాతో వాదించి గెలిచిన మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఇందులో నా గొప్పేం లేదు. నేను పళ్ళ డాక్టర్ని. వాళ్ళ నోట్లో నా రెండు చేతులు, ఒక అద్దం, నాలుగు దూది ఉండలు, ఉమ్మి లాగే గొట్టం ఉంటాయి. "ఆ" అనడం తప్ప వాళ్ళకి వేరే అభిప్రాయం ఉండదు.

ఈ రికార్డు మంగళవారం పదకొండు గంటలకి బద్దలైంది. మా పిన్ని నోట్లోంచి గొట్టం పీకేసింది. దూది ఉండలు ఒక్కొక్కటే తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఏడూ తీసెయ్యరా."

ఏడంటే ఏడు దవడ పళ్ళు. ఏడింటికీ వెండి రంగు ఫిల్లింగులు. డెంటల్ కాలేజీలో ఉండగా నేనే పెట్టాను. వాటిలో దాదాపు సగం పాదరసమే. ఆ ముక్క ఎవరో పుణ్యాత్ములు పిన్ని ఫోన్‌కి పంపారు.

"అది మిగతా లోహాలతో కలిసి గట్టిపడిపోయింది పిన్నీ. కదపకపోతే దాని మానాన అది పడుంటుంది. ఇప్పుడు తవ్వితేనే ఆవిరి ఎక్కువ లేస్తుంది. పైగా పళ్ళు డొల్లయిపోతాయి."

"మరి కొన్ని దేశాల్లో ఎందుకు మానేశారట?"

"ఎక్కువగా నీళ్ళలో, మట్టిలో కలుస్తుందని. చిన్నపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ ముందుజాగ్రత్తగా వద్దంటారు. నువ్వు ఆ రెండూ కాదు."

"మట్టికి పనికిరానిది నా నోటికి పనికొచ్చిందా?"

మూల నిలబడ్డ అసిస్టెంటు కిసుక్కుమంది. పిన్నికి హుషారొచ్చింది.

"ఆ బీరువాలో సీసా ఏంటే అమ్మాయ్?"

"పాత ఫిల్లింగుల ముక్కలండీ."

"దాని మీద పుర్రె బొమ్మెందుకు?"

"రూలండీ."

"అయితే నా బుగ్గ మీద కూడా ఒకటి అతికించు. రూలు రూలే."

మా పిన్ని దర్జీ. ఆవిడ కుట్టిన గుండీ ఊడాలంటే ముందు ఆ చొక్కా వేసుకున్నవాడు పోవాలి. కరెంటు పోయినా సూదిలో దారం ఆగేది కాదు. ఆవిడని చూస్తే సూదే నోరు తెరుస్తుందని చిన్నప్పుడు నేను నిజంగా నమ్మాను.

మూడు నెలలుగా ఆవిడ కుడిచెయ్యి వణుకుతోంది. పోయిన వారం ఎవరిదో గౌను మెడ అడ్డంగా కత్తిరించేసింది. పాడైన ఆ బట్టని మడిచి సంచిలో పెట్టుకుని తిరుగుతోంది. కొట్టు వారం నుంచి మూసే ఉంది.

నరాల డాక్టరు అన్ని పరీక్షలూ చేయించాడు. ఒంట్లో పాదరసం ఉండకూడనంత ఏమీ లేదన్నాడు. ఇది నరాల జబ్బనీ, మాత్రలతో కొంత అదుపులో ఉంటుందనీ, పూర్తిగా పోదనీ చెప్పాడు. ఆ మాత్రల పెట్టె పిన్ని ఇంకా విప్పలేదు.

"రిపోర్టు చూశావు కదా పిన్నీ."

"చూశాన్రా. నాకూ చదువొచ్చు." కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్ళో అదిమి పట్టుకుంది. "పాదరసమైతే తీసి పారెయ్యొచ్చు. నరాలైతే ఏం తీస్తావు?"

ఐదేళ్ళు చదివాను. ఇటుకరాళ్ళంత పుస్తకాలు బట్టీ పట్టాను. ఈ ప్రశ్న ఏ పరీక్షలోనూ రాలేదు. కుర్చీ మీట నొక్కాను. పిన్ని పైకి లేచింది. మళ్ళీ నొక్కాను. కిందికి దిగింది.

"ఉయ్యాల ఊపుతున్నావా?"

"తీసినా వణుకు తగ్గదు పిన్నీ. పళ్ళు కూడా పోతాయి. నా మాట విని ఆ మాత్రలు వేసుకో."

పిన్ని కుర్చీలోనే నా వైపు తిరిగింది.

"సరే. నీతో వాదించను. ఒక్కటి చెప్పు చాలు. నాకు ఏ పన్నూ ఒక్కరోజు నొప్పెట్టిన గుర్తు లేదు. నువ్వు పుచ్చిపోయాయన్నావు, నేను నోరు తెరిచాను. ఇవి పెట్టకపోతే అప్పుడే ఊడిపోయేవి కదా? అవసరమై పెట్టించుకున్నదైతే, మంచైనా చెడైనా సరిపెట్టుకుంటా. నా మొహం చూసి అవునను. ఈ పూటే మాత్ర మింగుతా."

అవునంటే గెలిచినట్టే. పైన లైటు ఆర్పాను. నా చేతిలో తడి దూది ఉండలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆవిడ ఒళ్ళో ఆ చెయ్యి, ఎడమచేతి కింద, పట్టుకున్న పిట్టలా కొట్టుకుంటోంది.

"అవును అనరా" అంది పిన్ని మెల్లగా.

"కాలేజీలో పరీక్షకి కూర్చోవాలంటే ఇరవై ఫిల్లింగులు చూపించాలి పిన్నీ, నాకు పుచ్చుపళ్ళు పదమూడే దొరికాయి, నీ ఏడు పళ్ళలో ఒక్కటీ పుచ్చలేదు" అన్నాను.