తాతయ్య పాస్‌వర్డ్

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు.

మా మనవరాలు ఉద్యోగం కోసం తెల్లారేసరికి ఒక వెబ్‌సైట్ చేసి చూపించాలి. ఇంట్లో ఉన్నది పోయిన మా ఆయన కంప్యూటరు, అందులో విండోస్ కాదు, లినక్స్ అట. వెబ్‌సైట్ కట్టడానికి ఫ్రేమ్‌వర్క్ అని ఒకటి కావాలట, దాన్ని ఎక్కించబోతే పాస్‌వర్డ్ అడిగింది. పిల్ల ఎంత కొట్టినా తెరమీద ఒక్క అక్షరమూ పడలేదు. కీబోర్డు పాడైందనుకుని పూటంతా దులిపింది, తుడిచింది. తీరా చూస్తే, కొట్టింది కనిపించకపోవడమే లినక్స్ పద్ధతట!

"నానమ్మా, తాతయ్య పాస్‌వర్డ్ నీకేమైనా తెలుసా?"

"నాకు చెబితే ఊరంతా టముకు వేస్తానని ఆయన భయం. చెబుతాడా?"

ఆయన పేరు, నా పేరు, పెళ్ళిరోజు, అన్నీ కొట్టి చూసింది. కంప్యూటరు దేనికీ ఒప్పుకోలేదు. అర్ధరాత్రి మంచినీళ్ళకని ఇద్దరం వంటింట్లోకి వెళ్ళాం. అప్పుడు గదిలో టకటకమని మీటలు మోగాయి. ఎనిమిది దెబ్బలు, కాస్త ఆగి, ఎంటర్ మీట మీద ఒక గట్టి గుద్దు. ముప్ఫై ఏళ్ళు టైపిస్టుగా చేసిన మా ఆయన చెయ్యి నాకు తెలియదా?

వెళ్ళి చూస్తే పాస్‌వర్డ్ కుదిరి, తెరమీద అక్షరాల వరుసలు పరుగెడుతున్నాయి. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. పిల్ల మాత్రం, దాని ధైర్యానికి నా దిష్టే తగిలేలా ఉంది, అదే కుర్చీలో కూర్చుంది. వరుసలు ఆగాయి. కంప్యూటరు మళ్ళీ పాస్‌వర్డ్ అడిగింది.

పిల్ల చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, "తాతయ్యా, ఇంకొక్కసారి" అంది.

ఒక మీట దానంతటదే కిందికి దిగింది.

ఎవరికైనా చెప్పేటప్పుడు మిగతాది మరిచిపోయినా సరే, పిల్ల కుర్చీలోంచి లేవలేదని మాత్రం తప్పకుండా చెప్పండి.