ప్రమీలక్క మత్తు

కుట్టుమిషను మీద తల వాల్చి నిద్రపోతున్న ప్రమీలను తమ్ముడు ఈరన్న తట్టి లేపి, ఆమె కుట్టిన జాకెట్టు ఎత్తి చూపించాడు.

"చెయ్యి తీసుకపోయి మెడకు కుట్టినావక్కా."

"నాలుగు దినాల నుంచి ఒకటే మత్తురా. ఆదోనికి పోయి డాక్టరుకు సూపించుకోవల్ల."

"నా మాత్ర కలిపిన టీ తాగితే మత్తు రాదా?"

చెవుల్లో ఎవరో తిడుతున్నారని ఈరన్న భయపడుతుంటే, డాక్టరు స్కిజోఫ్రీనియా అని చెప్పి మాత్రలు రాశాడు. అతను కొన్నాళ్లు మింగి, ఆ తర్వాత మింగనని మొండికేశాడు. అందుకే ప్రమీల నాలుగు రోజులుగా దొంగచాటుగా టీలో కలుపుతోంది.

"గ్లాసులు మార్చినావా?"

"నువ్వు బిస్కెట్లకని అట్ల తిరిగితే, నేను ఇట్ల మార్చినా," అన్నాడు ముసిముసిగా నవ్వుతూ.

ప్రమీల తిట్టబోయి ఆగిపోయింది. తల ఇంకా బరువుగానే ఉంది.

"మాత్ర ఏసుకుంటే నీకూ ఇట్లనే ఉంటాదా?"

"ఉంటాది. నువ్వేమో సోమరోడా అని తిడతాంటివి."

ఆమె మాత్రల అట్ట తెచ్చి అతని ముందు పెట్టింది. "ఈ మత్తు సంగతి రేపు ఇద్దరం పోయి డాక్టరుకు సెబుదాం. అంతవరకు ఏసుకుంటావా?"

ఈరన్న ఒక మాత్ర చేతిలోకి తీసుకున్నాడు.

"ఇన్నాళ్లకు అడిగినావు," అంటూ నీళ్ల కోసం లేచాడు.